జాగ్రత్త: "ఫోర్ బై ఫోర్ ఆయిల్ సర్వీస్" అంటూ అన్ని బాక్సుల్లోనూ ఒకటే ఆయిల్ పోస్తున్నారు

"గేర్ ఆయిల్ – 8 లీటర్లు." బిల్లులో ఈ ఒక్క లైను కనిపిస్తే డబ్బు కట్టకముందే ఆగండి. హైదరాబాద్‌లో థార్, వీ-క్రాస్, ఫార్చ్యూనర్, గూర్ఖా లాంటి ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకూ ఇంజన్ శక్తి అందే) బండ్లు కొన్నవాళ్లు, ముఖ్యంగా సెకండ్ హ్యాండ్‌లో తీసుకుని "అన్ని ఆయిళ్లూ ఒకసారి మార్పిద్దాం" అని బయటి షెడ్డుకు వెళ్లేవాళ్లు ఎక్కువగా దెబ్బ తినేది ఇక్కడే. షెడ్డు మూల 210 లీటర్ల బ్యారెల్ ఒకటి ఉంటుంది, దానికో చేతిపంపు. అందులో ఉన్నది 80డబ్ల్యూ-90 జీఎల్-5 గేర్ ఆయిల్ (80డబ్ల్యూ-90 చిక్కదనం నంబరు, జీఎల్-5 అందులో కలిపిన మందు రకానికి గుర్తు). గేర్‌బాక్స్‌లో అదే, ముందు వెనక చక్రాలకు శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేస్‌లో అదే, ముందు వెనక క్రౌన్‌లలోనూ (ఇరుసు మధ్య ఉండే డిఫరెన్షియల్ బాక్సులు) అదే. బండి బయటికి వచ్చినప్పుడు హాయిగానే నడుస్తుంది. రోగం కొన్ని వేల కిలోమీటర్ల తర్వాత బయటపడుతుంది. అప్పటికి ఆ బిల్లు ఎక్కడుందో ఎవరికీ గుర్తుండదు.

డిఫరెన్షియల్‌లో ఉండేవి హైపాయిడ్ గేర్లు. క్రౌన్, పీనియన్ పళ్లు ఒకదాని మీద ఒకటి దొర్లడమే కాదు, విపరీతమైన ఒత్తిడిలో జారుతూ రాసుకుంటాయి. మామూలు ఆయిల్ పొర అక్కడ నిలవదు. అందుకే జీఎల్-5 ఆయిల్‌లో గంధకం, భాస్వరం కలిసిన రసాయనాలు దండిగా వేస్తారు. వేడికి అవి లోహంతో కలిసి పంటి మీద ఒక పొరలా ఏర్పడి, పన్ను పంటికి అతుక్కోకుండా కాపాడతాయి. గేర్ ఆయిల్ మూత తీయగానే ముక్కుకు కొట్టే ఘాటు వాసన ఈ గంధకానిదే. జీఎల్-4లో ఈ మందు సుమారు సగమే ఉంటుంది.

మాన్యువల్ గేర్‌బాక్స్ సంగతి వేరు. గేరు మార్చినప్పుడు లోపలి రెండు గేర్ల వేగాన్ని సమం చేసేది సింక్రో రింగు. చాలా బండ్లలో అది ఇత్తడి జాతి లోహం. అది పని చేయాలంటే ఎదుటి కోన్‌ను పట్టుకోవాలి, అంటే కాస్త రాపిడి కావాలి. జీఎల్-5 ఆ పట్టును జార్చేస్తుంది. మూడు నుంచి రెండుకు, రెండు నుంచి ఒకటికి దించేటప్పుడు "కర్ర్" మనడం, పొద్దున చల్లటి బండికి రెండో గేరు మొరాయించడం దీని మొదటి గుర్తులు. పాతకాలపు జీఎల్-5 అయితే వేడికి ఇత్తడిని తినేస్తుంది కూడా. ఇప్పటి మంచి బ్రాండ్లలో ఆ తుప్పు భయం బాగా తగ్గింది కానీ, పట్టు జారే సమస్య అలాగే ఉంది. కొన్ని కంపెనీలు తమ గేర్‌బాక్స్‌కు జీఎల్-4, జీఎల్-5 రెండూ పనికొస్తాయని మాన్యువల్‌లో రాస్తాయి. అలా రాసి ఉంటే పోయండి, తప్పు లేదు. రాయకపోతే మాత్రం "జీఎల్-5 అంటే ఇంకా మంచిది కదన్నా" అనే మాటకు పడిపోవద్దు. ఐదు నాలుగు కన్నా పెద్దదే కానీ ఇది మార్కుల లిస్టు కాదు. తిరగేసి డిఫరెన్షియల్‌లో జీఎల్-4 పోస్తే ఇంకా ఘోరం: 60, 80 స్పీడు దగ్గర వెనక నుంచి సన్నటి ఊళ మొదలవుతుంది. ఊళ వినిపించిందంటే పళ్లు అప్పటికే గీసుకుపోయినట్టు. ఆ తర్వాత ఎంత ఖరీదైన ఆయిల్ పోసినా ఆ శబ్దం పోదు.

చిక్కదనం నంబర్ల దగ్గర ఇంకో గందరగోళం. 90 నంబర్ గేర్ ఆయిల్ అంటే 40 నంబర్ ఇంజన్ ఆయిల్‌కు రెండింతలు చిక్కన అనుకుంటారు. ఆ రెండింటి కొలబద్దలు వేరు. 100 డిగ్రీల వేడి దగ్గర 90 నంబర్ గేర్ ఆయిల్ 13.5 నుంచి 18.5 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలత) మధ్య ఉంటుంది, అంటే ఇంజన్ ఆయిల్ లెక్కలో 40, 50 నంబర్ల దరిదాపుల్లోనే. 140 నంబర్ మాత్రం 24కు పైమాటే. "మన ఎండలకు 140 పోద్దాం" అని ఉస్తాద్ అంటే, మాన్యువల్‌లో ఆ నంబర్ ఉందేమో చూడండి. లేకపోతే చిక్కటి ఆయిల్‌ను చిలకడానికే బండి డీజిల్ తాగుతుంది, బేరింగుల దాకా ఆయిల్ సరిగ్గా పారదు. 75డబ్ల్యూ, 80డబ్ల్యూ అనే ముందు నంబరు చలికి సంబంధించింది. మన ఊరి చలికి దాని గురించి పెద్దగా బెంగ అక్కర్లేదు.

అన్నిటికన్నా ఎక్కువ మోసం జరిగేది ట్రాన్స్‌ఫర్ కేస్‌లో. కొన్నిట్లో గేర్ ఆయిల్ పోయాలి, కొన్నిట్లో ఆటోమాటిక్ గేర్‌బాక్స్‌లో వాడే ఏటీఎఫ్ పోయాలి, కొన్నిట్లో కంపెనీ ప్రత్యేకంగా చెప్పిన ఆయిలే పోయాలి. లోపల గొలుసు, చిన్న ఆయిల్ పంపు ఉండి ఏటీఎఫ్ అడిగే రకంలో 80డబ్ల్యూ-90 పోస్తే ఆ పంపు దాన్ని పైకి లాగలేక అవస్థ పడుతుంది. పై బేరింగులు ఎండిపోతాయి. ఫోర్ వీల్ వేసే నాబ్ తిప్పాక 4హెచ్ (నాలుగు చక్రాలకూ శక్తి అందుతోందని చెప్పే) లైటు చాలాసేపు మిణుకుమిణుకుమనొచ్చు. 2016లో వచ్చిన ఎండీవర్‌లో లాగా అవసరాన్ని బట్టి ముందు చక్రాలకు శక్తి పంపే క్లచ్ పలకల రకమైతే, తప్పుడు ఆయిల్‌తో పార్కింగ్‌లో స్టీరింగ్ మొత్తం తిప్పినప్పుడు బండి కుదుపులతో గునుస్తుంది. (పొడి తారు రోడ్డు మీద పార్ట్ టైమ్ (అవసరమైనప్పుడే ఫోర్ వీల్ వేసుకునే) బండిని 4హెచ్‌లో పెట్టి తిప్పినా ఇలాగే గునుస్తుంది. అది ఆయిల్ తప్పు కాదు, నడిపేవాడి తప్పు.)

"ఫార్చ్యూనర్ ఆయిల్ ఇవ్వు" అని అడిగి కొనకండి. 2009లో వచ్చిన మొదటి తరం ఫార్చ్యూనర్ ఫోర్ బై ఫోర్ ఎప్పుడూ నాలుగు చక్రాలకూ శక్తి అందే రకం. 2016 చివర్లో వచ్చింది నాబ్‌తో నడిచే పార్ట్ టైమ్ రకం. పేరు ఒకటే, లోపలి సామాను వేరు. తయారీ సంవత్సరం, గేర్‌బాక్స్ రకం, ఓనర్స్ మాన్యువల్‌లో "లూబ్రికెంట్లు, పరిమాణాలు" అన్న పేజీ – ఈ మూడూ చేతిలో లేకుండా రాణిగంజ్‌కో పుత్లీబౌలికో ఆయిల్ కొనడానికి బయల్దేరొద్దు. వెనక క్రౌన్‌లో క్లచ్ పలకలున్న లిమిటెడ్ స్లిప్ రకం (ఒక చక్రమే ఊరికే తిరిగిపోకుండా ఆపేది) ఉంటే దానికి ఎల్ఎస్ గుర్తున్న, పలకల రాపిడిని సరిచేసే మందు కలిసిన ఆయిల్ అడుగుతారు. థార్‌లో వచ్చే మెకానికల్ లాకింగ్ రకం లాంటివాటికి ఆ మందు కలపమని ఎవరు చెప్పినా ముందు మాన్యువల్ చూడండి. ఉత్సాహంతో కలిపితే లాకు పట్టాల్సినప్పుడు పట్టదు.

ఆటోమాటిక్ బండి అయితే ఇంకాస్త జాగ్రత్త. ఎరుపు రంగు చూసి "ఏటీఎఫే కదా" అనుకోవద్దు, అది రంగు మందు, నాణ్యతకు గుర్తు కాదు. డెక్స్‌రాన్-3, డెక్స్‌రాన్-6, టయోటా డబ్ల్యూఎస్ మూడూ ఎరుపే, మూడూ వేరే. డిప్ స్టిక్ లేని బాక్సుల్లో లెవెల్ చూడాలంటే ఇంజన్ నడుస్తుండగా, ఆయిల్ కంపెనీ చెప్పిన వేడిలో ఉండగా కింది ప్లగ్ తీసి చూడాలి. చాలావాటికి అది 35 నుంచి 45 డిగ్రీల మధ్య. మే నెల మధ్యాహ్నం, బయటే 42 ఉన్నప్పుడు, రోడ్డు మీద నుంచి నేరుగా వచ్చిన బండికి ఆ లెక్క కుదరదు. వేడికి ఉబ్బిన ఆయిల్ కారిపోతుంది, ఉస్తాద్ "ఫుల్" అంటాడు, చల్లారాక అది తక్కువే. బండిని ముందురోజు రాత్రే షెడ్డులో వదిలి, పొద్దున్నే చూపించండి, స్కానర్‌లో వేడి చదువుతుండగా. డ్రెయిన్ చేస్తే వచ్చేది సగం కూడా ఉండదు, మిగతాది టార్క్ కన్వర్టర్‌లో (ఇంజన్‌ను గేర్‌బాక్స్‌కు కలిపే భాగం), కూలర్‌లో ఉండిపోతుంది. పూర్తిగా మారాలంటే రెండు మూడు విడతలు తప్పవు.

పని జరిగేటప్పుడు పక్కనే నిలబడి చూడాల్సింది కొంచెమే. మొదట నింపే ప్లగ్ విప్పించండి, ఆ తర్వాతే కింది ప్లగ్. ఆయిల్ అంతా తీసేశాక నింపే ప్లగ్ తల అరిగి ఊడి రాకపోతే బండి అక్కడే పడుకుంటుంది. కింది ప్లగ్‌కు ఉండే అయస్కాంతం మీద నల్లటి మెత్తని పేస్టు మామూలే. గోటికి తగిలే రవ్వలు, సూదుల్లాంటి ముక్కలు కనిపిస్తే ఆయిల్ మార్చి ఊరుకోవద్దు, విప్పి చూపించండి. వాషర్ కొత్తది వేయించండి. బండి సమంగా ఉండాలి, జాకీ మీద ముక్కు ఎత్తి కాదు. కొత్త ఆయిల్ నింపే రంధ్రం అంచు దాకా వచ్చి సన్నగా కారేదాకా పోయాలి. లీటర్ల లెక్క అటూ ఇటూ అయినా ఈ లెక్క తప్పదు. "లోపల డీజిల్ పోసి కడుగుతా" అంటే వద్దనండి. అది మూలల్లో మిగిలి కొత్త ఆయిల్‌ను పలచన చేస్తుంది.

వానాకాలంలో అండర్‌పాస్ నీళ్లలో దిగినా, అనంతగిరి వైపు వాగు దాటినా ఇంకో సమస్య. వేడెక్కిన క్రౌన్ హఠాత్తుగా చల్లటి నీళ్లలో మునిగితే లోపలి గాలి ముడుచుకుని, బ్రీదర్ (గాలి ఆడే) గొట్టం ద్వారానో పాత సీలు ద్వారానో నీటిని పీల్చుకుంటుంది. కింది ప్లగ్‌ను కొద్దిగా వదులు చేసి, ఒక గాజు సీసాలో పావు గ్లాసు పట్టి రాత్రంతా కదపకుండా ఉంచండి. అడుగున నీళ్లు కనిపించినా, ఆయిల్ పాలకలిపిన టీ రంగులో ఉన్నా నాలుగు బాక్సుల ఆయిలూ మార్చాల్సిందే. 2020 అక్టోబర్ వరదల్లాంటి వాటిలో మునిగిన బండి సెకండ్ హ్యాండ్‌లో దొరికితే, ఈ సీసా పరీక్ష చేయకుండా బేరం మాట్లాడొద్దు.

ఇప్పటికే తప్పుడు ఆయిల్ పోయించుకున్నవాళ్లు: తీసేసి సరైనది పోయండి, 500 కిలోమీటర్లు మెల్లగా నడిపి మళ్లీ ఒకసారి మార్చండి. గోడలకు, షాఫ్టులకు అంటుకున్న పాతది ఒక్కసారికి పోదు.

బిల్లులో బాక్సు బాక్సుకూ వేరు లైను రాయించండి: ఏ బాక్సు, ఏ గ్రేడు, జీఎల్-4నా 5నా, ఎన్ని లీటర్లు, డబ్బా మీది బ్యాచ్ నంబర్. సీల్ ఉన్న డబ్బాలు మీరే కొని తీసుకెళ్లండి, మీ కళ్ల ముందే మూత విప్పించండి. పని అయ్యాక ఖాళీ డబ్బాలన్నీ లెక్కపెట్టి, ఒక్కోదానికి మేకుతో రెండు చిల్లులు పొడవండి. చిల్లు లేని ఖాళీ డబ్బా మళ్లీ లూజ్ ఆయిల్‌తో నిండి, మూత మార్చుకుని, ఇంకొకరి బండి కిందికి వెళ్తుంది.