మూడేళ్లు వాడిన నాయిస్ క్యాన్సలింగ్ హెడ్‌ఫోన్లు: అసలు కీలకం చెవి మెత్తల్లో ఉంది

బయటి రొదను అణిచే ఈ హెడ్‌ఫోన్లలో ఒక చెవి వైపు హోరు ఎక్కువగా వినిపిస్తోందంటే ముందు చూడాల్సింది యాప్‌లో సెట్టింగులు కాదు, చెవి చుట్టూ కూర్చునే మెత్తని. రోజుకు ఐదారు గంటల చొప్పున మూడేళ్లు నడిచిన సెట్ గురించి ఈ మాట. పెట్టె మీద మైకుల లెక్క, చిప్ పేరు పెద్దక్షరాల్లో వేశారు. మెత్త అరిగితే అవన్నీ ఉన్నా లేనట్టేనని మాన్యువల్‌లో ఒక్క వాక్యం కూడా లేదు. నా కోపమంతా దాని మీదే.

కొత్తలో “పెట్టుకుంటే ఇల్లు మాయమైపోతుంది” అని కనపడినవాళ్లందరికీ చెప్పాను. దాన్ని ఇప్పుడు కొంచెం సవరించుకోవాలి. మాయమయ్యేది హోరు మాత్రమే: సీలింగ్ ఫ్యాన్, ఏసీ, బస్సు ఇంజన్, రైలు ఏసీ బోగీలో కింద నుంచి వచ్చే గురగుర. కుక్కర్ విజిల్, మిక్సీ, పక్కగదిలో మాటలు తగ్గుతాయి గానీ పోవు. ఈ టెక్నాలజీ పుట్టిందే హోరు కోసం. 1978లో విమాన ప్రయాణంలో ఇంజన్ రొద భరించలేక బోస్ ఆడియో కంపెనీ స్థాపకుడు అమర్ బోస్ దీని మీద పని మొదలుపెట్టారు, 1989లో ఆయన కంపెనీ పైలట్ల కోసం తొలి హెడ్‌సెట్ అమ్మింది.

హోరే ఎందుకు పోతుందంటే, అంతా టైమింగ్ వల్ల. బయటి మైకు వచ్చే రొదను ముందే పట్టుకుంటుంది. చెవిని మూసే కప్పు లోపల స్పీకర్ పక్కనున్న మైకు ఇంకా ఎంత మిగిలిందో చెబుతుంది. స్పీకర్ ఆ రొదకు సరిగ్గా తిరగేసిన అలను వదులుతుంది, రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఒక అల పూర్తయ్యే సమయంలో ఆరో వంతు కన్నా ఎక్కువ ఆలస్యమైతే మాత్రం రొద తగ్గకపోగా పెరుగుతుంది. 100 హెర్ట్జ్ (సెకనుకు 100 అలల) హోరుకైతే ఆ గడువు 1.6 మిల్లీసెకన్ల పైమాటే, హాయిగా సరిపోతుంది. 3000 హెర్ట్జ్ కీచుకి 0.06 మిల్లీసెకను కూడా ఉండదు. అంతసేపట్లో ధ్వని రెండు సెంటీమీటర్లు కూడా పోదు. అందుకే సుమారు 1000 హెర్ట్జ్ దాటాక చిప్ తప్పుకుంటుంది, ఆపై అడ్డుకునేది కప్పూ మెత్తా.

అంటే కీచుని ఆపేది మెత్తే. హోరు విషయంలోనూ పెద్ద భారం దానిదే. చెవి చుట్టూ ఎక్కడైనా సన్నటి సందు ఉంటే బయటి హోరు అందులోంచి లోపలికి దూరుతుంది. అంతకన్నా ముఖ్యంగా, దాన్ని కొట్టేయడానికి స్పీకర్ పుట్టించే ఒత్తిడి అదే సందులోంచి బయటికి జారిపోతుంది. కన్నమున్న ట్యూబులోకి గాలి కొట్టినట్టే. గుర్తు పట్టడం తేలిక: హోరు పెరిగిన చెవిలోనే పాటలో బేస్ కూడా పలచబడుతుంది.

నా సెట్‌లో రెండో వేసవికి ఎడమ మెత్త కింది అంచు పొలుసులుగా రాలడం మొదలైంది. చెవి వెనక నల్లటి తునకలు అంటుకునేవి. అది తోలు కాదు, బట్ట మీద పాలియురేతేన్ అనే ప్లాస్టిక్ పూత. చెమట, తలనూనె, గాలిలో తేమ కలిసి దాన్ని విరగ్గొడతాయి. లోపలి ఫోమ్ కూడా అణిగి మళ్లీ పైకి లేవదు. సర్వీస్ సెంటర్‌లో మైకు పోయిందన్నారు. పోలేదు.

ఇంట్లోనే తేల్చుకోవచ్చు. పాట ఆపేసి, ఫ్యాన్ 5లో పెట్టి, అనుమానమున్న కప్పుని అంచుల దగ్గర రెండు వేళ్లతో తల వైపు మెల్లగా నొక్కండి. హోరు వెంటనే తగ్గితే తప్పు మెత్తదే. తగ్గకపోతే అప్పుడు మైకుని అనుమానించండి. అరచేత్తో కప్పు మొత్తం మూయకండి, బయటి మైకు మూసుకుపోయి ఒక్కోసారి కూత పెడుతుంది. కళ్లజోడు ఉన్నవాళ్లు ఓసారి తీసి కూడా చూడాలి. లావుపాటి కాడలు చేసే సందు పాత మెత్త చేసేదానికి తీసిపోదు.

కొన్ని వందల్లో దొరికే మెత్తలు మొదట తెప్పించాను. ఒరిజినల్ కన్నా మందం, పట్టుకుంటే దూదిలా ఉన్నాయి. క్యాన్సలింగ్ మాత్రం పాతవాటికన్నా అధ్వాన్నం. మందం మారితే స్పీకరుకీ చెవికీ మధ్యనున్న గాలి పరిమాణం మారుతుంది, ఫ్యాక్టరీలో చేసిన లెక్క తప్పుతుంది. పైగా వాటి లోపలి గుడ్డ దళసరిగా ఉండి మైకు రంధ్రం మీదికి వచ్చింది. మూడింతలు పెట్టి ఒరిజినల్ వేశాక, నా చెవికి తొంభై శాతం తిరిగొచ్చింది.

మార్చేటప్పుడు పాత ఏటీఎం కార్డు అంచుతో చుట్టూ మెల్లగా లేపండి, క్లిప్పులు ఒక్కోటిగా వదులుతాయి. స్క్రూడ్రైవర్ వద్దు, కిందే స్పీకర్ పొర ఉంటుంది. కప్పుని నేల వైపు తిప్పి పట్టుకుని మైకు జాలీని పొడి మెత్తటి బ్రష్‌తో దులపండి. స్పిరిట్ వద్దు, నోటితో ఊదడమూ వద్దు. కొత్తది పెట్టి చుట్టూ నొక్కుతూ వస్తే ప్రతి క్లిప్పూ టిక్కుమనాలి. ఒక్కటి కూర్చోకపోయినా పాత కథే.

నేను రోజంతా ఏసీ గదిలో, సన్న కాడల కళ్లజోడుతో పనిచేస్తాను కాబట్టి నాకు ఇది ఇప్పటికీ డబ్బుకి తగ్గ వస్తువే. మీ ఇబ్బంది వంటింటి చప్పుడో ఆఫీసులో మాటలో అయితే ఇంత పెట్టే ముందు ఎవరిదైనా ఒక రోజు అడిగి వాడి చూడండి. తీరప్రాంతాల ఉక్కలో మెత్తలు నా సెట్‌లో నిలిచినంత కాలం కూడా నిలవకపోవచ్చు. ఏ మోడల్ కొన్నా దానికి ఒరిజినల్ మెత్తలు విడిగా అమ్ముతున్నారో లేదో ముందే కనుక్కోండి. నా మోడల్‌కి ప్రస్తుతానికి దొరుకుతున్నాయి. బ్యాటరీ మాత్రం 30 గంటల నుంచి 20కి దిగింది, దాన్ని మార్చడానికి కప్పు మొత్తం విప్పాలి.