ఎర్త్‌సీ నవల బోధనకు కొన్న టీచర్ గైడు: ఒక సమీక్ష

ఉర్సులా లె గ్విన్ 1968లో వెలువరించిన ‘ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’ అనే, దీవులతో నిండిన కల్పిత లోకంలో సాగే నవలను పద్నాలుగు పదిహేనేళ్ల విద్యార్థులకు బోధించడం కోసం నేనొక ఉపాధ్యాయ గైడు కొన్నాను. పాఠాలన్నీ పూర్తయ్యాకే ఈ సమీక్ష రాస్తున్నాను. నవలలోని 10 అధ్యాయాలకూ పదకోశం, ప్రశ్నలు, వర్క్‌షీట్లు, జవాబులు ఇందులో ఉన్నాయి. ముద్రణ బాగుంది.

అన్నిటికన్నా విలువైనది పటం మీద చేయించే అభ్యాసం. గాంట్ దీవిలో పుట్టిన గెడ్ రోక్ దీవిలోని మాంత్రికుల పాఠశాలలో చేరి, గర్వంతో ఒక నీడను లోకంలోకి వదిలి, చివరకు దీవులన్నీ దాటిన తూర్పు సముద్రంలో దాన్ని ఎదుర్కొనేదాకా సాగిన ప్రయాణాన్ని విద్యార్థులు పటంపై గీసుకుంటూ పోవాలి. ఏడో అధ్యాయం ముగిశాక, ఎప్పుడూ మౌనంగా ఉండే ఒక అమ్మాయి లేచి, ఇక్కడినుంచి బాణం గుర్తు తిప్పి వేయాలని చెప్పింది. ఆరో అధ్యాయం పేరు ‘హంటెడ్’, ఎనిమిదో అధ్యాయం పేరు ‘హంటింగ్’. ఈ రెంటి నడుమ గురువు ఓజియన్ చెప్పిన మాట విని, అంతవరకూ నీడకు వెరచి పారిపోయినవాడు వెనుదిరిగి దాన్నే వేటాడడం మొదలుపెడతాడు. నవలకు ఆయువుపట్టు అదే.

గైడు మాత్రం ఆ మలుపును ఒక గడిలో సర్దేసింది. పురాణకథల పరిశోధకుడు జోసెఫ్ క్యాంప్‌బెల్ 1949లో 17 దశలుగా వివరించిన వీరుని యాత్రను, అంటే వీరగాథలన్నిటికీ ఉమ్మడిగా ఉంటుందని ఆయన చెప్పిన కథాక్రమాన్ని, సినిమా కథారచనపై రాసిన క్రిస్టఫర్ వోగ్లర్ తర్వాత 12కు కుదించారు. ఆ పన్నెండు గడుల పట్టికనే ఇక్కడ మొదటినుంచి చివరిదాకా నింపించారు. పిల్లలు కథను వదిలి గడుల వెంట పడ్డారు. అంతకన్నా బాధ కలిగించినది చివరి గడికిచ్చిన జవాబు: శత్రువుపై విజయం. గెడ్ గెలవనూ లేదు, ఓడనూ లేదని నవలే స్పష్టంగా చెబుతుంది. నీడను అతడు తన సొంత పేరుతోనే పిలుస్తాడు, నీడా అదే క్షణంలో అదే పేరు పలుకుతుంది. దీన్ని విజయమని నేర్పితే నవలను తలకిందులుగా నేర్పినట్టే.

ఆ లోకంలో ఒకరి అసలు పేరు తెలిసినవారికి వారిమీద అధికారం వస్తుంది, అందుకే దాన్ని దాచుకుంటారు. అవమానంతో కుంగిన గెడ్‌కు స్నేహితుడు వెచ్ తన అసలు పేరు చెప్పి నమ్మకం చూపే ఘట్టానికి ఒక్క ప్రశ్నే ఇచ్చారు. నేను ఒక పీరియడంతా దానికే కేటాయించాను.

నవలను ముందే శ్రద్ధగా చదువుకున్న ఉపాధ్యాయులకు, పటం అభ్యాసం కోసమైనా ఈ గైడును సిఫారసు చేస్తాను. జవాబుల పుటలను మాత్రం విద్యార్థుల చేతికి ఇవ్వవద్దు.