సబ్బులా, క్రోషే అల్లికలా: ఇంట్లో మొదలుపెట్టడానికి ఏది మేలు?

ఇంట్లోనే చేతిపని మొదలుపెట్టాలనుకునేవాళ్లు నన్ను ఎప్పుడూ ఒకటే అడుగుతారు: సబ్బులు చేయమంటారా, కొక్కెం సూదితో నూలును క్రోషే అల్లమంటారా? రెండూ చేసి అమ్మినదాన్ని కాబట్టి అడగడం సహజం. దేనిలో ఎక్కువ మిగులుతుందన్నది వాళ్ల సందేహం. నేను మాత్రం ఎదురు ప్రశ్న వేస్తాను: పని మధ్యలో ఎవరైనా పిలిస్తే లేచి వెళ్లగలరా?

ఒకసారి సబ్బు మిశ్రమంలో లవంగ నూనె కలిపాను. సరిగ్గా అప్పుడే తలుపు గంట మోగింది. పార్సెల్ అందుకుని, సంతకం పెట్టి వచ్చేసరికి గిన్నెలో గరిటె నిటారుగా నిలబడి ఉంది. లవంగ నూనె వేస్తే మిశ్రమం త్వరగా చిక్కబడుతుందని చదివాను కానీ, మరీ అంత త్వరగా అనుకోలేదు. ముద్దలు ముద్దలుగా అచ్చుల్లో కుక్కాను. నురగ బాగానే వచ్చింది, కోసి చూస్తే లోపలంతా బొరియలు. అమ్మడానికి మనసొప్పక నెలల తరబడి మేమే వాడుకున్నాం.

సబ్బు చెడితే పోయేది సబ్బే. సబ్బు కోసం నూనెల్లో కలిపే, చర్మాన్ని కాల్చేసే కాస్టిక్ సోడాతో అలా కాదు. దాన్ని నీళ్లలో వేయాలే తప్ప దాని మీద నీళ్లు పోయకూడదు. వేసిన కాసేపటికే ఆ ద్రావణం 80 డిగ్రీలు దాటిపోగలదు. దాన్ని బల్ల మీద వదిలేసి ఏడుస్తున్న పిల్ల దగ్గరికి పరిగెత్తలేం. చేతి తొడుగులు, కళ్లద్దాలు తీయకుండా, గంటన్నర సేపు ఎవరూ రాని చోట పని చేసుకోగలిగితేనే సబ్బు జోలికి వెళ్లండి.

క్రోషేలో ఈ బెడద లేదు. సూది మీది ఉచ్చును ఒక పిన్నీసుకు తగిలించి లేచిపోవచ్చు. రెండు రోజుల తర్వాత వచ్చినా అదే కుట్టు దగ్గర అందుకోవచ్చు. ఎన్నో వరసలో ఉన్నామో కాగితం మీద రాసుకుంటే చాలు. నేను రాసుకోను, అందుకే తరచూ విప్పుకుంటూ ఉంటాను.

డబ్బు లెక్కకు వస్తే సబ్బుదే పైచేయి, ఒప్పుకోవాలి. కిలో నూనెలతో 100 గ్రాముల సబ్బులు డజను దాకా వస్తాయి, అదీ ఒక్క పూట పనితో. అరచేతిలో పట్టే ఎలుగుబంటి బొమ్మ అల్లడానికి నాకు 6 గంటలు పడుతుంది. రెండు కావాలంటే 12. క్రోషేను అచ్చంగా చేతితో అల్లినట్టే అల్లే యంత్రం లేదు. మన పనికి విలువ అందువల్లే, గిరాకీ పెరిగినప్పుడు చేతులెత్తేసేదీ అందువల్లే. అయితే బొమ్మకు సగం డబ్బు ముందే తీసుకుని నూలు కొనవచ్చు. సబ్బులను 4 నుంచి 6 వారాలు ఆరబెట్టాలి, అన్నాళ్లూ మీ పెట్టుబడి అల్మరాలో కూర్చుంటుంది.

అయినా మొదటి ఏడాదికి నా ఓటు క్రోషేకే. ఇంట్లో ఉండి పని చేసేవాళ్లకు గంటలు దొరకవు, వాటి ముక్కలు దొరుకుతాయి. ఈ రెండింట్లో ఆ ముక్కల్లో సాగే పని ఇదొక్కటే.

కొవ్వొత్తులు మధ్యరకం. పోసింది బాగా రాకపోతే మైనాన్ని మళ్లీ కరిగించుకోవచ్చు. కాకపోతే ప్రతి కొత్త పాత్రకూ వత్తి మందం మళ్లీ పరీక్షించాలి, కరుగుతున్న మైనాన్ని పొయ్యి మీద వదిలి వెళ్లకూడదు. రెజిన్ (అచ్చులో పోస్తే గట్టిపడే ద్రవ ప్లాస్టిక్) నగలకు గాలి బాగా ఆడే విడి గది కావాలి. అది లేకపోతే ఆ ఆలోచనే వద్దు.

మా పిల్లలు బడికి వెళ్లడం మొదలయ్యాక సబ్బు గిన్నె మళ్లీ దించాను, వారానికి ఒక్క రోజు. ఆ రోజు ముందుగా తలుపు గంట స్విచ్ ఆపేసి, ఆ తర్వాతే సోడా తూచుకుంటాను.