పాత నూరు సీసీ బండి: ఇంజిన్ సంగతి చివర చూడండి

సెకండ్ హ్యాండ్ బండి కొనడానికి వెళ్ళినవాళ్ళు చాలామంది ముందుగా కిక్ కొట్టి ఇంజిన్ శబ్దం వింటారు. తర్వాత మీటరు చూస్తారు. ఆ రెండూ బాగుంటే బేరం మొదలుపెడతారు. చిన్న బండి విషయంలో ఈ రెండు పనులూ అన్నిటికన్నా చివర చేయవలసినవని నా గట్టి అభిప్రాయం. నేను కొన్నది 97.2 సీసీ ఇంజిన్, నాలుగు గేర్లు, రెండు డ్రమ్ బ్రేకులు ఉన్న పదకొండేళ్ళ బండి. కొనేనాటికి మీటరు 41 వేల కిలోమీటర్లు చూపిస్తోంది. ఇప్పుడు రోజూ దాని మీదే తిరుగుతున్నాను. దాన్ని ఎలా పరీక్షించి తీసుకున్నానో, వాడుతుంటే ఎలా ఉందో వివరంగా రాస్తున్నాను.

ఇంజిన్‌ను ఎందుకు వెనక్కి నెట్టానో ముందు చెప్పాలి. 50 మిల్లీమీటర్ల బోరు (సిలిండర్ లోపలి వెడల్పు), 49.5 మిల్లీమీటర్ల స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం), దాదాపు నేలకు సమాంతరంగా ముందుకు పడుకున్న ఒకే సిలిండర్: ఈ అమరిక హోండా సూపర్ కబ్ వంశానిది. ఆ కబ్ 1958లో 49 సీసీ ఇంజిన్‌తో వచ్చింది. 2017 నాటికి వాటి ఉత్పత్తి పది కోట్లు దాటింది. ఇన్ని దశాబ్దాలుగా ఇంతమంది విప్పి బిగించిన ఇంజిన్ కాబట్టి దీని పని తెలియని మెకానిక్ దొరకడం కష్టం. బోరు అరిగితే పావు మిల్లీమీటరు పెద్ద పిస్టన్ వేసి రీబోరు చేస్తారు. అదీ అరిగితే అర మిల్లీమీటరు పెద్దది ఉంటుంది. రింగులు, వాల్వులు, టైమింగ్ చైన్, క్లచ్ ప్లేట్లు, అన్నీ విడిగా దొరుకుతాయి. అంటే ఇంజిన్ పాడైనా బండి పోయినట్టు కాదు. ఛాసిస్ వంగినా, నంబర్లు కలవకపోయినా మాత్రం పోయినట్టే. బాగుచేయలేనివి ముందు చూసి, చేయగలిగేవి తర్వాత చూడటమే నా పద్ధతి.

మొదట నంబర్లు. హ్యాండిల్ కింద ఛాసిస్ మీద పొడిచిన నంబరును, ఇంజిన్ మీది నంబరును కాగితాల్లో ఉన్నవాటితో అక్షరం అక్షరం పోల్చాను. నంబరు ఉన్నచోట మట్టి పేరుకుని ఉంటే గుడ్డతో తుడిచి చూడాలి. అక్కడ మాత్రమే కొత్త రంగు కనిపించినా, ఆకురాయితో అరగదీసిన గీతలున్నా, అంకెల వరుస ఎగుడుదిగుడుగా ఉన్నా ఇంకేమీ చూడకుండా వచ్చేయడం మంచిది. బండి మీద తీరని అప్పు ఉందేమో కూడా అప్పుడే తేల్చుకోవాలి. ఈ విషయంలో మొహమాటం అక్కరలేదు.

తర్వాత హ్యాండిల్. బండి ఎప్పుడైనా గట్టిగా పడిందా లేదా అన్నది అమ్మేవాళ్ళ మాటల్లో తెలియకపోవచ్చు గానీ, హ్యాండిల్ తిరిగి ఆగే చోట తెలుస్తుంది. హ్యాండిల్‌ను పూర్తిగా ఎడమకూ కుడికీ తిప్పినప్పుడు ఒక చిన్న ఇనుప ముక్క ఛాసిస్ మీది మరో ముక్కకు తగిలి ఆగుతుంది. ముందు చక్రం దేనికో బలంగా గుద్దుకుంటే హ్యాండిల్ విసురుగా తిరిగి ఆ ముక్క నొక్కుకుపోతుంది, ఒక్కోసారి వంగిపోతుంది. ట్యాంకుకు కొత్త రంగు వేయించేవాళ్ళున్నారు, కొత్త స్టిక్కర్లు అంటించేవాళ్ళున్నారు. ఈ ముక్కను సరిచేయించినవాళ్ళను నేను ఇంతవరకు చూడలేదు. నేను చూసిన బండికి రెండు వైపులా అసలు రంగు అలాగే ఉంది, చిన్న గీతలు తప్ప ఏమీ లేవు. నేను సగం నిర్ణయించుకున్నది అక్కడే.

అదే చోట ఇంకో పరీక్ష ఉంది. సెంటర్ స్టాండ్ వేసి, వెనక ఎవరినైనా నొక్కి పట్టుకోమంటే ముందు చక్రం గాలిలోకి లేస్తుంది. అప్పుడు హ్యాండిల్‌ను ఒక్క వేలితో నెమ్మదిగా అటూ ఇటూ తిప్పాలి. ఎక్కడా పట్టకుండా మెత్తగా తిరగాలి. ఈ బండిలో సరిగ్గా నడిమధ్యకు వచ్చేసరికి హ్యాండిల్ గాడిలో పడినట్టు టక్కున ఆగింది, కాస్త బలం పెడితేనే అక్కడి నుంచి కదిలింది. బండి ఎక్కువసేపు నేరుగానే వెళుతుంది కాబట్టి గుంతల దెబ్బలన్నీ హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగు బాల్సు ఒకేచోట తింటాయి, అవి కూర్చునే గిన్నెల్లో ఆ చోట గుంటలు పడతాయి. నడిపేటప్పుడు దీన్ని గుర్తుపట్టడం కష్టం. బండి సన్నగా అటూ ఇటూ ఊగుతున్నట్టు ఉంటుంది, తప్పు టైర్లదో గాలిదో అనుకుంటాం. కోన్ సెట్, అంటే ఆ బాల్సూ గిన్నెలూ, మార్చితే సరిపోయే లోపమే, పెద్ద ఖర్చు కాదు. కానీ మార్చవలసిందేనని యజమానికి అక్కడే చూపించి, బేరంలో కలిపాను. ఆయన కూడా ఒక వేలితో తిప్పి చూసి ఒప్పుకున్నారు. చక్రం పైకి లేచి ఉండగానే ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కుల కింది భాగాన్ని పట్టుకుని ముందుకూ వెనక్కూ లాగి కోన్ సెట్‌లో వదులుందేమో, చక్రాన్ని పక్కలకు ఊపి బేరింగుల్లో ఆట ఉందేమో, వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్‌ను పక్కకు లాగి బుష్‌లు అరిగాయేమో చూశాను. ఆ మూడూ గట్టిగానే ఉన్నాయి.

ఛాసిస్ నేరుగా ఉందో లేదో చూడటానికి పరికరాలేమీ అక్కరలేదు. బండిని నిటారుగా నిలబెట్టి, పది పన్నెండు అడుగులు వెనక్కి వెళ్ళి నేలకు దగ్గరగా వంగి చూస్తే రెండు చక్రాలూ ఒకే గీతలో కనిపించాలి. వెనక చక్రం పక్కకు తిరిగినట్టుంటే చైన్ అడ్జస్టర్ల మీది గీతలు రెండు వైపులా ఒకేచోట ఉన్నాయా అని చూడండి. లేకపోతే చక్రాన్ని సరిగా బిగించలేదన్నమాట, పెద్ద విషయం కాదు. గీతలు సమానంగా ఉండి కూడా చక్రం వంకరగా కనిపిస్తే అది ఛాసిస్ దోషం. ట్యాంకు కింద, సీటు కింద టార్చి వేసి వెల్డింగ్ మచ్చల కోసం కూడా వెతకాలి. కంపెనీ వెల్డింగ్‌కూ తర్వాత చేసినదానికీ తేడా చూడగానే తెలిసిపోతుంది.

మీటరు మీద నాకు నమ్మకం తక్కువ. కేబుల్ తెగితే అది ఆగిపోతుంది, మీటరునే మార్చితే అంకెలు మళ్ళీ మొదటికి వస్తాయి. అందుకే కాలూ చెయ్యీ రోజూ తగిలే చోట్లను నమ్ముతాను: బ్రేకు పెడల్ అంచు, గేర్ రాడ్ రబ్బరు, ఫుట్‌రెస్టులు, కిక్ రబ్బరు, తాళం చెవి దూరే కన్నం. మీటరు తక్కువ చూపిస్తుంటే, బ్రేకు పెడల్ మీది గరుకు గీతలు అరిగి నున్నగా మెరుస్తుంటే ఆ రెండిట్లో ఒకటి అబద్ధం. నా బండిలో ఈ అరుగుదల మీటరుకు తగ్గట్టే ఉంది.

టైర్ల పక్కన చివరి నాలుగు అంకెలు చూడటం మర్చిపోవద్దు. 2319 అని ఉంటే 2019లో ఇరవై మూడో వారంలో తయారైందని అర్థం. నా బండి ముందు టైరుకు గాళ్ళు లోతుగానే ఉన్నాయి గానీ వయసు మీరిపోయింది, పక్కలను నొక్కితే సన్నని పగుళ్ళు విచ్చుకున్నాయి. అలాంటి టైరుకు తడి రోడ్డు మీద పట్టు ఉండదు. గాళ్ళు చూసి మురిసిపోకూడదు. వెనక బ్రేకు పూర్తిగా నొక్కి డ్రమ్ము దగ్గరి బాణం గుర్తు చూస్తే షూలు ఎంత మిగిలాయో తెలుస్తుంది. చైన్‌ను వెనక స్ప్రాకెట్ మీద మధ్యలో పట్టుకుని వెనక్కి లాగినప్పుడు పన్ను సగం బయటపడితే చైన్ సాగిపోయినట్టు. పళ్ళు ఒకవైపు కొక్కేల్లా వంగితే చైన్ ఒక్కటే మార్చి లాభం లేదు, రెండు స్ప్రాకెట్లతో సహా సెట్ మొత్తం మార్చాలి. నాకు అదే జరిగింది. ట్యాంకు మూత తీసి టార్చి వేసి తుప్పు చూశాను, లోపల శుభ్రంగా ఉంది.

ఇప్పుడు ఇంజిన్. నేను వచ్చేదాకా స్టార్ట్ చేయవద్దని ముందే ఫోనులో కోరాను. వెళ్ళగానే ఇంజిన్ మీద చేయి పెట్టి చూశాను, చల్లగానే ఉంది. వేడిగా ఉంటే మాట తప్పారనే అనుకోవాలి, మరో రోజు మళ్ళీ వెళ్ళాలి. చల్లటి ఇంజిన్ దాచలేని సంగతులు వేడెక్కినది దాచేస్తుంది. చోక్ వేస్తే రెండు మూడు కిక్కులకు అందుకోవాలి. చలి ఉన్నప్పుడు సైలెన్సర్ నుంచి మొదట వచ్చే తెల్లటి ఆవిరికి భయపడనక్కరలేదు, కాసేపట్లో పోతుంది. నల్లటి పొగ వస్తే పెట్రోలు ఎక్కువ తాగుతోంది, ఎయిర్ ఫిల్టరో కార్బురేటరో చూడాలి. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది. అది ఎప్పుడు వస్తోందన్నదే ముఖ్యం. స్టార్ట్ చేయగానే కాస్త వచ్చి ఆగినా, పల్లంలో యాక్సిలరేటర్ వదిలి దిగి మళ్ళీ తిప్పినప్పుడు వచ్చినా వాల్వ్ సీళ్ళను అనుమానించాలి. లాగుతున్నంతసేపూ వస్తూనే ఉంటే రింగులు, బోరు.

శబ్దం గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. వాల్వులను నొక్కి తెరిచే టాపెట్ల చప్పుడు వినగానే బండి బాగాలేదంటారు, నిశ్శబ్దంగా ఉంటే మెచ్చుకుంటారు. ఈ వంశపు ఇంజిన్లలో టాపెట్లకు సాధారణంగా 0.05 మిల్లీమీటరు సందు ఉండాలి, అదీ ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు. ఆ సందు కాస్త పెరిగితే సన్నని టిక్ టిక్ వినిపిస్తుంది, అంతకుమించి వెంటనే వచ్చే ప్రమాదం లేదు. చప్పుడు వినపడకూడదని సందు లేకుండా బిగించేస్తే వాల్వు పూర్తిగా మూసుకోదు. మూసుకున్నప్పుడే వాల్వు తన వేడిని హెడ్డుకు వదులుతుంది. ఆ అవకాశం లేక అంచు కాలిపోతుంది. కాబట్టి మరీ నిశ్శబ్దంగా ఉన్న పాత ఇంజిన్‌కే నేను ఎక్కువ భయపడతాను. ఎడమవైపు నుంచి గలగలమంటూ, యాక్సిలరేటర్ ఇస్తే తగ్గే చప్పుడు టైమింగ్ చైన్‌ది. ఇంజిన్ అడుగు నుంచి గుండెల్లో తగిలే బరువైన దడదడ మాత్రం క్రాంక్ బేరింగులదో కనెక్టింగ్ రాడ్‌దో. దాన్ని విన్న తర్వాత ఎంత తగ్గించి ఇస్తామన్నా నేను ముట్టుకోను.

నడిపి చూడకుండా కొనకండి. నాలుగో గేరులో తక్కువ వేగం నుంచి యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పినప్పుడు ఇంజిన్ అరుపు పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేట్లు జారుతున్నాయి. ఎత్తు ఎక్కేటప్పుడు రెండో గేరు దానంతటదే జారి న్యూట్రల్లోకి వస్తే గేర్ బాక్సు విప్పాలి. పట్టు కాస్త సడలించినప్పుడు హ్యాండిల్ ఒక పక్కకే లాగకూడదు. తిరిగి వచ్చాక ఇంజిన్ అడుగున చేయి పెట్టి తడుముతాను. అమ్మే ముందు కడిగి తుడిచిన ఇంజిన్ ఎక్కడ ఆయిల్ కారుస్తుందో వేడెక్కాకే బయటపడుతుంది. ఇంకొకటి: ఈ తరం బండ్లు చాలావాటిలో హెడ్‌లైట్‌కు కరెంటు నేరుగా మాగ్నెట్ (ఇంజిన్‌తో తిరిగి కరెంటు పుట్టించే భాగం) నుంచి వస్తుంది. యాక్సిలరేటర్ ఇస్తే వెలుగు పెరిగి, వదిలితే తగ్గడం వాటి స్వభావం. అది చూసి బ్యాటరీ పోయిందనుకోవద్దు. బ్యాటరీని హారన్‌తో, ఇండికేటర్లతో పరీక్షించండి.

కొన్నాక కోన్ సెట్, చైన్ సెట్, ముందు టైరు మార్చాను, కార్బురేటర్ శుభ్రం చేయించాను. వీటికన్నా ముఖ్యమైన పని మరొకటుంది. ఈ ఇంజిన్‌లో కార్లలో ఉండే కాగితపు ఆయిల్ ఫిల్టర్ ఉండదు. ఒక చిన్న జల్లెడ, దానితోపాటు క్రాంక్‌తో గిరగిర తిరిగే ఒక డిబ్బీ ఉంటాయి. ఆ తిరుగుడుకు ఆయిల్‌లోని మడ్డి బయటి అంచుకు వెళ్ళి అంటుకుపోతుంది. ఆయిల్ మార్చినా ఆ మడ్డి పోదు. కుడివైపు క్లచ్ కవర్ విప్పితే తప్ప అది చేతికి అందదు కాబట్టి ఏళ్ళ తరబడి ఎవరూ తీయరు. నా మెకానిక్ విప్పి చూపించినప్పుడు లోపలి గోడ చుట్టూ నల్లటి ముద్ద వేలి మందాన గట్టిగా అతుక్కుని ఉంది. స్క్రూడ్రైవర్‌తో గీరి తీశారు. ఆ ముద్దను వేళ్ళ మధ్య రుద్ది చూశాం. మెత్తగానే ఉంది, లోహపు రవ్వలు గుచ్చుకోలేదు. ఇంజిన్ లోపల ఏదీ విరిగి అరగడం లేదనడానికి అంతకన్నా మంచి సాక్ష్యం నాకు దొరకలేదు. పాత బండి కొన్నవాళ్ళంతా మొదటి ఆయిల్ మార్పుతోపాటు ఈ పని చేయించాలి. ఈ ఇంజిన్‌కు లీటరు ఆయిల్ కూడా పట్టదు, ఉన్న కొంచెమూ శుభ్రంగా ఉండాలి.

ఇక వాడకం. ఈ బండి నాకు ఎంతో నచ్చింది. తేలికగా ఉంటుంది, ఇరుకు సందులో ఒంటి చేత్తో వెనక్కి తిప్పుకోవచ్చు. పెట్రోలు పొదుపు గురించి విన్నదంతా నిజమే. గంటకు యాభై, యాభై అయిదు కిలోమీటర్ల వేగంలో ఇంజిన్ హాయిగా నడుస్తుంది, ఎంతసేపైనా అలసిపోదు. అరవై అయిదు దాటించినప్పటి నుంచి ఫుట్‌రెస్టుల్లో ప్రకంపనలు మొదలవుతాయి, ఎదురుగాలి వస్తే వేగం నిలవదు. ఏడెనిమిది హార్స్‌పవర్ ఇంజిన్ నుంచి అంతకన్నా ఆశించడం అన్యాయం. పెద్ద రహదారుల మీద రోజూ దూరాలు వెళ్ళేవాళ్ళు, ఎప్పుడూ ఇద్దరు ఎక్కి ఘాట్లు ఎక్కేవాళ్ళు 125 సీసీ చూసుకోవాలి.

నాకు నచ్చనివి రెండు. హెడ్‌లైట్ వెలుగు దీపాలు లేని రోడ్డుకు చాలదు, మలుపులో యాక్సిలరేటర్ తగ్గించినప్పుడు, వెలుగు ఎక్కువ కావలసిన ఆ క్షణంలోనే అది తగ్గుతుంది. ముందు డ్రమ్ బ్రేకు కూడా అంతంతమాత్రమే. షూలు మార్చి, కేబుల్‌కు నూనె పెట్టి, డ్రమ్ములోని దుమ్ము తుడిపించాక బాగా మెరుగైంది గానీ వానలో తడిస్తే మొదటి పట్టు ఇప్పటికీ ఆలస్యంగానే అందుతుంది. అందుకని నీళ్ళలోంచి బయటికి రాగానే రెండు బ్రేకులూ కొద్దిగా నొక్కి ఉంచి కొంతదూరం నడిపి, షూలు ఆరాక వేగం పెంచుతాను. వెనక షాక్ అబ్జార్బర్లు ఇంకా పాతవే. ఒంటరిగా వెళ్ళినప్పుడు పరవాలేదు, వెనక మనిషి కూర్చుంటే గుంతలో అడుగంటా కుంగుతున్నాయి. తర్వాత మార్చవలసినవి అవే.