రెండేళ్ల సేంద్రియ సజ్జలు, ఒక్క వానాకాలం

మా డాబా మీద పిచ్చుకలకు రెండేళ్లుగా సేంద్రియ సజ్జలు, కొర్రలే పోస్తున్నా. హన్మకొండలో మాది పాత ఇల్లు, పక్కనే వేపచెట్టు. పొద్దున్నే ఇరవై, ఇరవై అయిదు పిచ్చుకలు వాలతాయి, వాటి వెనకే గువ్వలు. కిలో గింజలు వారం వస్తే గొప్ప. ఏ గింజలో ఏ పోషకం ఎంతుందో ఇక్కడ చెప్పబోవడం లేదు. నేను చెప్పాల్సింది పురుగు గురించి.

అసలు సేంద్రియం వైపు ఎందుకు వచ్చానంటే, నర్సంపేట దగ్గర వ్యవసాయం చేసే మా బావ ఓసారి మిగిలిపోయిన మేతజొన్న విత్తనం సగం ప్యాకెట్ తెచ్చి, "పిట్టలకు పోయ్, పారబోసుడెందుకు" అన్నాడు. విప్పి చూస్తే గింజలన్నీ గులాబీ రంగులో ఉన్నాయి. మందు పట్టించిన విత్తనమని తెలియాలనే అట్లా రంగు కలుపుతారు. తెగుళ్ల మందుతో పాటు కొన్నిటికి ఇమిడాక్లోప్రిడ్ లాంటి పురుగుమందు కూడా పట్టిస్తారు. పిచ్చుకంత పిట్టకు అలాంటి గింజలు కొన్ని తిన్నా ప్రాణం మీదికి వస్తుంది. ప్యాకెట్ బావకే తిరిగి ఇచ్చేశాను. కానీ ఆ రోజు నుంచి కిరాణా కొట్టు సజ్జల మీద కూడా అనుమానం పట్టుకుంది. మామూలు సజ్జలు విత్తనాలు కావని, వాటికి ఈ రంగుమందు ఉండదని తెలిసినా సరే.

మొదటి ఏడాది సంబరమే. గింజ శుభ్రంగా ఉండేది, దుమ్ము తక్కువ. డబ్బాలో ఒకటో రెండో ముక్కపురుగులు కనబడితే, "పురుగు పట్టిందంటే మందు లేదన్నట్టే" అని అందరికీ చెప్పుకుని తిరిగాను. ఆ మాటే నన్ను ముంచింది.

నిరుడు జూన్ చివర్లో దుకాణం ఆయన పది కిలోల సంచి మీద కిలోకు పదిహేను రూపాయలు తగ్గిస్తానన్నాడు. తెచ్చి వంటింటి పక్క స్టోర్‌లో బియ్యం డ్రమ్ముల దగ్గర పెట్టాను. కాసిని తీసి మూతి కట్టేశాను. తర్వాత వానలు పట్టుకున్నాయి. పిట్టలు కూడా సరిగ్గా రాలేదు, సంచి జోలికి పోలేదు. ఇరవై రోజులకు విప్పితే గింజలు రాలలేదు, ముద్దలుగా వచ్చాయి. సాలెగూడు లాంటి దారాలతో ఒకదానికొకటి అంటుకుని, మధ్యలో తెల్లటి పురుగులు మెల్లగా కదులుతున్నాయి. అప్పటికే బూడిదరంగు రెక్కల పురుగులు స్టోర్ గోడలంతా ఉన్నాయి. బియ్యం డ్రమ్ము మూత తీస్తే అక్కడా అవే. మా ఆవిడ యాభై కిలోల బియ్యం జల్లెడ పట్టి, చాటలో చెరిగి, నాతో రెండు రోజులు మాట్లాడలేదు. గుడ్లు చావాలంటే కొన్ని రోజులు డీప్ ఫ్రిజ్‌లో పెట్టాలట అన్నాను. "పిట్టల గింజలకు ఫ్రిజ్ కావాల్నా? ఇగ మనమెక్కడ ఉండాలె?" అంది. ఆమె అన్నదాంట్లో తప్పేం లేదు.

వాన తెరిపిచ్చిన రోజు సంచి మొత్తం డాబా మీద దుప్పటి పరిచి ఆరబోశాను. అప్పుడు జరిగింది మాత్రం ఊహించలేదు. ఎన్నడూ గింజ ముట్టని గోరింకలు డజను దాకా దిగి పురుగులన్నీ ఏరుకుని తిన్నాయి. పిచ్చుకలు కూడా గింజ వదిలేసి ముందు పురుగునే ముక్కున పట్టుకుని ఎగిరిపోయాయి. పిల్లలకు మొదట్లో అవి పురుగులే పెడతాయి కదా, మీటర్ బాక్సు వెనక గూట్లో ఆ వారం కిచకిచలు గట్టిగానే వినబడ్డాయి. అంతమాత్రాన పురుగు పట్టడం మంచిదే అనను. ముద్దకట్టి బూజు వాసన వచ్చిన మూడు కిలోలు పారబోశాను, అవి పిట్టలకు పెట్టకూడదు.

పాత మాట కూడా కొంచెం సవరించుకోవాలి. గోదాముల్లో ధాన్యానికి పొగ మందు పెడితే అప్పుడున్న పురుగు చస్తుంది, తర్వాత వచ్చేదాన్ని అది ఆపదు. అంటే మందు పెట్టిన గింజకూ పురుగు పడుతుంది. పురుగును చూసి సేంద్రియమని నమ్మకూడదు. ప్యాకెట్ అయితే సేంద్రియమని తెలిపే జైవిక్ భారత్ గుర్తు చూస్తాను. నేరుగా అమ్మే చిన్న రైతు దగ్గర ఆ గుర్తు ఉండాలని లేదు, అక్కడ మనిషిని నమ్మాల్సిందే. జనగామ జిల్లా ఏనెబావిలో రైతులు రసాయనాలు మానేసి చాలా ఏళ్లయింది. అలాంటి ఊళ్లు మనకు దూరమేం కాదు.

ఇంకోటి. సేంద్రియం అని రాసి కొర్ర బియ్యం అంటగడతారు, చూసుకోండి. మనకు అన్నానికి పనికొచ్చేది అదే గానీ, పిట్టలకు పొట్టుతో ఉన్న కొర్రలే మేలు. పొట్టు అవే వలుచుకుంటాయి, గింజ కూడా నిలవ ఉంటుంది. ఏదో తేలకపోతే గుప్పెడు తడిపి గుడ్డలో కట్టండి, పొట్టు తీసింది మామూలుగా మొలకెత్తదు. పిచ్చుకలు సేంద్రియాన్ని గుర్తుపట్టి ఎక్కువ తింటాయని మొదట్లో అనుకున్నాను. అదేం లేదు. జొన్న పెద్దదని వదిలేస్తాయి, కొర్ర చిన్నదని ఎగబడతాయి, అంతే.

ఇప్పుడు రెండేసి కిలోలే తెస్తున్నాను, స్టీలు డబ్బాలో, వంటింటికి దూరంగా. జూలై నుంచి సెప్టెంబర్ దాకా ఒక్కో కిలోనే. ధర మామూలు సజ్జలకు రెట్టింపు పైనే. మాకు సొంత డాబా ఉంది, పిట్టలూ ఇన్నే, కాబట్టి గిట్టుబాటవుతోంది. అపార్ట్‌మెంట్ బాల్కనీలో వంద పావురాలు వాలే చోట నేనైతే ఈ ఖర్చు పెట్టను. అసలక్కడ గింజే పోయను.

మొన్న వరికోతలప్పుడు అమ్మ ఊరి నుంచి వరి కంకులు తెచ్చి కుచ్చుగా అల్లి దర్వాజ పైన కట్టింది. "గింజ కొనుడేందిరా" అని నా డబ్బాను చూసి నవ్వింది. పిచ్చుకలు వారంలో కుచ్చును ఊడ్చేశాయి. ఆ వడ్లు సేంద్రియమేనా అని అడిగితే, "మీ మేనమామ పొలంయి" అంది. మామయ్య మందు కొట్టే స్ప్రేయర్ పోయినేడు నేనే వరంగల్‌లో కొనిచ్చాను. అమ్మతో ఏమీ అనలేదు.