ఐఫోన్‌లో వత్తు తెగింది: సైటును దేంట్లో పరీక్షిస్తే మేలు?

"అన్నా, సైటు అన్ని బ్రౌజర్లలో సరిగా వస్తుందో లేదో దేంట్లో చూసుకోవాలి?" అనంతపురంలో నా దగ్గర పని నేర్చుకునే పిల్లలు వారానికి ఒకరైనా అడుగుతారు. లాప్‌టాప్‌లోనే ఫోన్ తెరలా చూపే క్రోమ్ డివైస్ మోడా, బ్రౌజర్లను తనే నడిపి పరీక్షించే ప్లేరైటా, ఎక్కడో ఉన్న ఫోన్లను నెట్ మీద వాడుకోనిచ్చే బ్రౌజర్‌స్టాకా, చేతిలో ఫోనా?

మొన్న ఒక చీనీ (బత్తాయి) నర్సరీకి సైటు చేశాను. డివైస్ మోడ్‌లో ఐఫోన్ ఎంచుకుని చూస్తే అంతా బాగుంది. సాయంత్రానికి ఓనర్ ఫోన్ చేసి, "ఏం సామీ, 'మొకలు' అని రాసినావే?" అన్నాడు. వెళ్లి చూశాను. నేను రాసింది 'అంటు మొక్కలు' అనే. ఆయన ఐఫోన్‌లో మాత్రం క కింది వత్తు బటన్ అంచు దగ్గర తెగిపోయింది.

తెలుగుకు పైనా కిందా చోటు కావాలి. నేను లైన్ హైట్ (అక్షరం సైజుకు వరుస ఎత్తు ఎన్ని రెట్లో) 1 పెట్టి, బటన్ దాటినదాన్ని దాచేశాను. విండోస్‌లో నిర్మలా యూఐ, ఆండ్రాయిడ్‌లో నోటో, ఐఫోన్‌లో కోహినూర్ తెలుగు. ఒక్కో ఫాంటు ఎత్తు ఒక్కో తీరు. డివైస్ మోడ్ మార్చేది స్క్రీన్ సైజు, టచ్, బ్రౌజర్ చెప్పుకునే పేరు వంటివే. లోపలి ఇంజిన్, అంటే పేజీని గీసే భాగం, క్రోమ్‌దే, ఫాంట్లు మన లాప్‌టాప్‌వే. ఇక ఆ వత్తు అందులో ఎలా దొరుకుతుంది?

ప్లేరైట్ ఉచితం. క్రోమ్‌కు మూలమైన క్రోమియం, ఫైర్‌ఫాక్స్‌తో పాటు ఐఫోన్ బ్రౌజర్ సఫారీ వాడే వెబ్‌కిట్ ఇంజిన్‌ను విండోస్‌లోనూ నడుపుతుంది. ఫారాలు, తేదీలు, స్క్రిప్టు తప్పులకు దాన్నే నమ్ముతాను. ఫాంట్లు మాత్రం అక్కడా లాప్‌టాప్‌వే.

బ్రౌజర్‌స్టాక్‌లో నిజమైన ఫోన్లుంటాయి కాబట్టి వత్తు తెగితే కనపడుతుంది. కానీ నెలనెలా డాలర్లలో కట్టాలి, చిన్న సైట్లు చేసేవాళ్లకు భారం. పైగా నెట్ మీద వస్తుంది కాబట్టి స్క్రోల్ ఒక క్షణం ఆలస్యం. పెద్ద పని అప్పగించే నెలలో తీసుకోండి చాలు.

నా ఓటు చేతిలో ఫోన్లకే. ఒక పాత ఆండ్రాయిడ్, ఇంట్లో ఎవరిదైనా అడిగి తీసుకున్న ఒక ఐఫోన్. ఆండ్రాయిడ్‌ను కేబుల్‌తో కలిపితే లాప్‌టాప్ క్రోమ్‌లోనే లోపల ఏం జరుగుతోందో చూడొచ్చు. ఐఫోన్‌కు ఆపిల్ ఇచ్చే పద్ధతిలో అలా చూడాలంటే మ్యాక్ కావాలి, అది లేకపోతే నేను కంటితో చూడటమే. మన దగ్గర ఐఫోన్‌లో క్రోమ్ కూడా వెబ్‌కిట్ మీదే నడుస్తుంది, దాన్ని విడిగా పట్టించుకునే పని లేదు.

ఎడ్జ్, బ్రేవ్ క్రోమ్ ఇంజిన్‌వే, ఒకసారి తెరిస్తే చాలు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు మైక్రోసాఫ్ట్ 2022 జూన్‌లోనే సెలవు చెప్పింది, వదిలేయండి.

నర్సరీ సైటులో లైన్ హైట్ 1.6 చేసి, నోటో ఫాంటును సైటుతోనే పంపాను. ఓనర్ రెండు వేళ్లతో బటన్‌ను పెద్దది చేసి, వత్తు చూసుకుని, ఇక ధరలు పెట్టమన్నాడు.