ఉద్యోగం మానేసి గ్రూప్సా, చేస్తూ గ్రూప్సా, చిన్న కొలువుతో మొదలా: ఏది మేలు?

డిగ్రీనో బీటెక్కో పూర్తి చేసి ప్రైవేటులో ఏడాదో రెండేళ్లో పనిచేసిన పిల్లలు, గ్రూప్స్ (రాష్ట్ర ప్రభుత్వ కొలువులకు పెట్టే గ్రూప్-1, 2, 3, 4 పరీక్షలు) రాయాలనుకున్నప్పుడు తరచూ అడిగే ప్రశ్న ఇది: "రిజైన్ చేసేసి ఫుల్ టైం ప్రిపరేషన్‌కి కూర్చోమంటారా?" నోటిఫికేషన్ వస్తుందన్న వార్త పేపర్లో పడితే చాలు, ఈ ప్రశ్న ఇంకా జోరందుకుంటుంది. అవునని గానీ కాదని గానీ ఒక్క మాటలో చెప్పేస్తే వాళ్లకు అన్యాయం చేసినట్టే. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

వాళ్ల ముందున్నవి మూడు దారులు. అన్నీ వదిలేసి హైదరాబాద్ అశోక్‌నగర్‌లోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో, టీచర్ పోస్టుల డీఎస్సీ అయితే అవనిగడ్డలోనో గది తీసుకుని చదవడం ఒకటి. ఉన్న ప్రైవేటు ఉద్యోగం చేసుకుంటూనే పొద్దునా రాత్రీ చదవడం ఇంకొకటి. ముందు గ్రూప్-4, పంచాయతీ కార్యదర్శి, పోస్టాఫీసు లాంటి ఏదో ఒక చిన్న కొలువులో చేరిపోయి, అక్కడి నుంచి పై పరీక్షలు రాసుకోవడం మూడోది. నా మాట ముందే చెప్పేస్తాను. ఎక్కువమందికి మూడోదే మేలు, అది అందేదాకా రెండోది. మొదటిది కొందరికే పనికొస్తుంది, అదీ కొన్ని నెలలకే.

ఇలా అనడానికి పెద్ద కారణం పరీక్షల క్యాలెండర్. అది అభ్యర్థి చేతిలో ఉండదు. తెలంగాణ వచ్చాక తొలి గ్రూప్-1 సంగతి చూడండి. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు. అక్టోబరు 16న ప్రిలిమ్స్, అంటే మొదటి వడపోత పరీక్ష, జరిగింది. పేపర్ లీకేజీ బయటపడి 2023 మార్చిలో దాన్ని రద్దు చేశారు. జూన్ 11న మళ్లీ పెట్టారు. బయోమెట్రిక్ తీసుకోలేదన్న వివాదంతో ఆ సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో పాత నోటిఫికేషన్ తీసేసి 563 పోస్టులతో కొత్తది ఇచ్చారు. జూన్ 9న ప్రిలిమ్స్, అక్టోబరులో రెండో దశ పరీక్షలైన మెయిన్స్ అయ్యాయి. ఆ తర్వాత మూల్యాంకనం మీద కేసులు. నియామక పత్రాలు అందింది 2025 సెప్టెంబరు చివర్లో. అంటే మొదటి నోటిఫికేషన్ చూసి ఉద్యోగం మానేసినవాడు, అంతా కలిసొచ్చి ఎంపికైనా సరే, మూడేళ్లకు పైగా జీతం లేకుండా ఉన్నాడన్నమాట. ఎంపిక కానివాడి సంగతి వేరే చెప్పాలా?

ఇదొక్కటే ఇలా జరిగిందనుకోవద్దు. తెలంగాణ గ్రూప్-2 నోటిఫికేషన్ 2022 డిసెంబరు చివర్లో, 783 పోస్టులకు వచ్చింది. 2023 ఆగస్టులో పరీక్ష అన్నారు, నవంబరు అన్నారు, 2024 జనవరి అన్నారు, ఆగస్టు అన్నారు. చివరికి జరిగింది 2024 డిసెంబరులో. ఐదున్నర లక్షల మందికి పైగా దరఖాస్తు చేస్తే, హాల్లోకి వెళ్లి రాసినవాళ్లు సగం కూడా లేరు. ఏపీలో గ్రూప్-2 ప్రిలిమ్స్ 2024 ఫిబ్రవరిలో అయితే మెయిన్స్ 2025 ఫిబ్రవరిలో అయ్యాయి. ఇక ఏపీలోనే టీచర్ల పరీక్ష చూస్తే, 2018 డీఎస్సీ తర్వాత 2025లో 16,347 పోస్టుల మెగా డీఎస్సీ జరిగేదాకా ఏడేళ్ల ఎదురుచూపు. వాయిదాలో కష్టపడి చదివినవాడి తప్పేమీ లేదు. కానీ ఆ వాయిదా కాలమంతా అద్దె కట్టాల్సింది మాత్రం అతనే. తెలంగాణలో గ్రూప్-1 వయోపరిమితిని 44కి, తర్వాత 46కి పెంచారు. దాంతో ఎందరికో మళ్లీ అవకాశం వచ్చింది, సంతోషమే. కానీ ఆ వయసు వరకూ ప్రిపరేషన్‌లోనే గడపొచ్చని దానికి అర్థం కాదు.

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి ఒకసారి పొద్దున్నే వెళ్లి చూడండి. హాల్లో చోటు దొరకనివాళ్లు ఆవరణలోనే ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, ఒళ్లో ప్యాడ్ పెట్టుకుని, చెవుల్లో దూది కుక్కుకుని చదువుతుంటారు. మధ్యాహ్నం ఒకరు పుస్తకాలకు కాపలా ఉంటే ఇంకొకరు తినొస్తారు. సాయంత్రం టీ కొట్టు దగ్గర మాటలన్నీ కటాఫ్ గురించే. ఆ పట్టుదల చూస్తే నాకు గౌరవం కలుగుతుంది, భయమూ వేస్తుంది. షేరింగ్ గది, మెస్సు, స్టడీ హాలు, టెస్ట్ సిరీస్ కలిపితే ఎంత పొదుపుగా ఉన్నా నెలకు పదివేలకు తక్కువ కాదు. ఆ డబ్బు చాలా ఇళ్లలో పత్తి అమ్మిన డబ్బో, తమ్ముడి జీతమో. రెండో ఏడు దాటాక ఇంటికి ఫోన్ చేయడానికే మొహమాటపడి పండక్కి కూడా ఊరెళ్లనివాళ్లు ఎందరో.

మరి ఫుల్ టైం ప్రిపరేషన్‌కి బలమే లేదా అంటే, ఉంది. గ్రూప్-1 మెయిన్స్ దగ్గర ఆ బలం స్పష్టంగా కనిపిస్తుంది. తెలంగాణలో ఇంగ్లిష్ అర్హత పేపరు కాక ఆరు పేపర్లు, ఒక్కొక్కటి 150 మార్కులు. రోజుకు మూడు గంటలు, వరుసగా వారం పాటు చేత్తో రాయాలి. దానికి ముందు నెలల తరబడి రోజూ జవాబులు రాసి, ఎవరితోనైనా దిద్దించుకుని, మళ్లీ రాయాలి. ఆఫీసు నుంచి అలసిపోయి వచ్చి రాత్రి పదింటికి చేసే పని కాదది. ఆ దశలో పూర్తి సమయం కావాల్సిందే.

గ్రూప్-2, 3, 4 అలా కాదు. అవి బిట్ల పరీక్షలు. చరిత్ర, పాలిటీ, ఎకానమీ పునాది మూడింటికీ చాలావరకు ఒకటే. లెక్క వేసి చూడండి. ఉద్యోగం చేసేవాడు పొద్దున రెండు గంటలు, రాత్రి రెండు గంటలు చొప్పున ఆరు రోజులు, ఆదివారం పది గంటలు చదివితే వారానికి 34 గంటలు. గదిలో కూర్చున్నవాడు పన్నెండు గంటలు చదువుతున్నానంటాడు గానీ, తలకెక్కేలా చదివేది ఎనిమిది గంటలే అనుకుంటే వారానికి 56. తేడా ఉంది, కాదనను. కానీ పరీక్ష ఎలాగూ రెండేళ్లు సాగినప్పుడు, సిలబస్‌ను మూడుసార్లు తిరగేయడానికి ఆ 34 గంటలే బోలెడు. పైగా నెలనెలా జీతం పడుతుంటే వాయిదా వార్త విన్నా గుండె జారదు. పరీక్ష హాల్లో అది చాలా ఉపయోగపడుతుంది.

అన్నిటికంటే ముందు ఆలోచించాల్సింది ఇంకొకటుంది. ఉద్యోగం రాకపోతే చేతిలో ఏం మిగులుతుంది? దీనికి జవాబు మీరు చదివిన చదువును బట్టి ఉంటుంది. కౌన్సిల్‌లో రిజిస్టరైన నర్సు, ఫార్మసిస్టు రెండేళ్లు పని ఆపినా మళ్లీ ఆసుపత్రిలోనో మందుల షాపులోనో చేరగలరు. బీఎడ్ ఉండి టీచర్ అర్హత పరీక్ష టెట్ పాసైన టీచరుకు ఆ సర్టిఫికెట్ ఇప్పుడు జీవితాంతం చెల్లుతుంది, ఏ ప్రైవేటు బడిలోనైనా పాఠం చెప్పుకోగలదు. వీళ్లు కొన్నాళ్లు గదిలో కూర్చున్నా పెద్ద నష్టం లేదు. సాఫ్ట్‌వేర్ వాళ్ల కథ వేరు. రెండేళ్లు కోడింగ్ ముట్టకపోతే కంపెనీలు వాడే పనిముట్లే మారిపోతాయి, ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న ఆ గ్యాప్ మీదే పడుతుంది. ఇంకా చిక్కైన పరిస్థితి మామూలు డిగ్రీ చేసి ఏ పనీ నేర్చుకోకుండా నేరుగా గదికి వచ్చినవాళ్లది. ముప్పై ఏళ్లు వచ్చేసరికి రెజ్యూమెలో రాయడానికి ఒక్క పని కూడా ఉండదు. మీరు ఈ కోవలో ఉంటే దయచేసి ముందు ఏదో ఒక పనిలో చేరండి. అకౌంట్స్, ట్యాలీ, ల్యాబ్, ఎలక్ట్రికల్, ఏదైనా సరే, చేతికి ఒక పని రావాలి.

అలాగని ఏ ఉద్యోగమైనా చదువుకోనిస్తుందా అంటే, అదీ లేదు. నైట్ షిఫ్టులు, సేల్స్ టార్గెట్లు, రోజుకు మూడు గంటల బస్సు ప్రయాణం ఉన్న పనిలో పుస్తకం తెరవడం కష్టం. అలాంటప్పుడు రిజైన్ చేయకండి, ఉద్యోగం మారండి. జీతం రెండు మూడు వేలు తగ్గినా ఇంటికి దగ్గరగా, కచ్చితంగా ఆరింటికి వదిలేసే పని చూసుకోండి.

ఇక్కడే పోస్టాఫీసు గ్రామీణ డాక్ సేవక్ కొలువు గురించి చెప్పాలి. పదో తరగతి మార్కుల మెరిట్ మీదే తీసుకుంటారు, పరీక్ష లేదు. పని రోజుకు నాలుగైదు గంటలు. బ్రాంచ్ పోస్ట్‌మాస్టర్‌కు 12,000, అసిస్టెంట్‌కు 10,000 దగ్గర మొదలై, దాని మీద డీఏ కలుస్తుంది. తర్వాత శాఖాపరమైన పరీక్షలు రాసి పోస్ట్‌మ్యాన్‌గా, ఇంకా పైకి వెళ్లే దారి ఉంది. డిగ్రీ చదివి తపాలా సంచి మోస్తావా అని ఊళ్లో అనేవాళ్లు అంటారు. అననివ్వండి. మధ్యాహ్నం నుంచి చదువుకునే వీలున్న కొలువు ఇంకేది దొరుకుతుంది?

మూడో దారి మీద నాకు ఇంత గురి ఎందుకంటే, అక్కడ పనీ ప్రిపరేషనూ ఒకదానికొకటి తోడవుతాయి. గ్రామసభ పెట్టి, పన్ను వసూలు చేసి, ఉపాధి హామీ మస్టర్లు చూసిన పంచాయతీ కార్యదర్శి పంచాయతీలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 73వ సవరణ గురించి రాసే జవాబు పుస్తకం బట్టీ పట్టినవాడి జవాబులా ఉండదు. ఇంకోటి, పై పరీక్ష ఎన్నిసార్లు వాయిదా పడినా సర్వీసు పెరుగుతూనే ఉంటుంది. జూనియర్ అసిస్టెంటుగా చేరినవాళ్లు పై పరీక్ష ఏదీ కొట్టకపోయినా, సీనియారిటీతో సీనియర్ అసిస్టెంటు, ఆపైన పోస్టులకు వెళ్తారు. అక్కడే స్థిరపడిపోవాలనిపిస్తే దాన్ని ఓటమి అనే హక్కు ఎవరికీ లేదు.

కానీ ఇదేదో పూలబాట అని చెప్పి మిమ్మల్ని నమ్మించలేను. తెలంగాణలో జూనియర్ పంచాయతీ కార్యదర్శులు 15 వేల జీతంతో చేరారు. మూడేళ్లన్న ప్రొబేషన్‌ను నాలుగేళ్లకు పొడిగించారు. క్రమబద్ధీకరణ కోసం 2023లో సమ్మె చేయాల్సి వచ్చింది. ఏపీలో 2019లో లక్షా పాతికవేలకు పైగా గ్రామ, వార్డు సచివాలయ ఉద్యోగాలు ఇచ్చారు. చేరినవాళ్లు 15 వేలతో రెండేళ్ల ప్రొబేషన్ అనుకుంటే, అది ఖరారు కావడానికి 2022 నడిమి దాకా పట్టింది. సర్కారు నౌకరీ అంటే పెన్షన్ అని పెద్దవాళ్లు చెప్పే మాట కూడా 2004 సెప్టెంబరుకు ముందు చేరినవాళ్లకు వర్తించేది. ఆ తర్వాత చేరిన రాష్ట్ర ఉద్యోగులకు సీపీఎస్, అంటే ఉద్యోగి కూడా వాటా కట్టే పెన్షన్ పథకం, వచ్చింది, నెలనెలా జీతంలోంచి కోత పడుతుంది. కాబట్టి ప్రభుత్వ ఉద్యోగం వచ్చినా సొంత పొదుపు మానకండి.

చిన్న కొలువుల్లోనూ అన్నీ ఒకలా ఉండవు. కానిస్టేబుల్‌కు బందోబస్తులతో టైం చిక్కదు. కలెక్టరేట్‌లో జూనియర్ అసిస్టెంటుకు చిక్కుతుంది, ఎన్నికలప్పుడు తప్ప. పై పరీక్షే లక్ష్యమైతే కొలువు ఎంచుకునేటప్పుడే ఇది చూసుకోవాలి. దరఖాస్తు చేసిన ప్రతిసారీ శాఖకు తెలియజేసి, అభ్యంతరం లేదని శాఖ ఇచ్చే పత్రం, ఎన్‌వోసీ, ముందే తీసి పెట్టుకోవాలి. సర్టిఫికెట్ వెరిఫికేషన్ రోజున దానికోసం పరుగులు పెట్టకూడదు.

ఆడపిల్లల విషయంలో నా సలహా ఇంకా గట్టిగా ఉంటుంది. గదిలో ఉండి చదివే అమ్మాయికి ఇంట్లోవాళ్లు ఇచ్చే గడువు అబ్బాయికి ఇచ్చేంత ఉండదు. ఒక నోటిఫికేషన్ వాయిదా పడితే చాలు, పెళ్లి సంబంధాలు మొదలవుతాయి. చేతిలో జీతం ఉన్న అమ్మాయి "ఇంకో రెండేళ్లు ఆగుదాం నాన్నా" అంటే ఆ మాటకు విలువ ఉంటుంది. చాలా ఇళ్లలో జరిగేదే చెబుతున్నాను.

మరి గది దారి ఎవరికి? ఒకసారి ప్రిలిమ్స్ దాటి మెయిన్స్ ముందున్నవాళ్లకు. లేదా కొద్ది మార్కుల తేడాతో పోగొట్టుకుని, ఏ పేపర్లో ఎక్కడ వెనకబడ్డారో కచ్చితంగా తెలిసినవాళ్లకు. అదీ ఏడాది ఖర్చు సొంత డబ్బు చేతిలో ఉన్నప్పుడు. నోటిఫికేషన్ రాబోతోందన్న పుకారు మీద మాత్రం ఎవరూ రాజీనామా చేయొద్దు, పరీక్ష తేదీ వచ్చినా చేయొద్దు. ప్రిలిమ్స్ ఫలితంలో మీ నంబరు చూసుకున్న రోజున మేనేజరుతో మాట్లాడి, జీతం లేని సెలవైనా సరే మూడు నెలలు అడగండి. 2024 గ్రూప్-1 ఫలితం జులైలో, మెయిన్స్ అక్టోబరు మూడో వారంలో పడ్డాయి, ఆ వ్యవధికి మూడు నెలల సెలవు దాదాపు సరిపోయేది. సెలవు కుదరదని తేల్చి చెబితే అప్పుడు రాజీనామా గురించి ఆలోచించండి. అప్పటికి మీకు మెయిన్స్ రాసే అర్హత ఉంటుంది, కొన్ని నెలల ఖర్చుకు డబ్బూ, రెజ్యూమెలో అనుభవమూ ఉంటాయి.